ఆసామిని ఏ గడిలో వేయాలి?

ప్రశ్న: మాది సిరిసిల్ల. హనుమకొండలో ఉంటూ సమాజశాస్త్రంలో పీహెచ్.డి. చేస్తున్నాను. మరమగ్గాల కార్మికుల సామాజిక, ఆర్థిక స్థితిగతులు నా అంశం. 384 మందిని సర్వే చేయాలని మా గైడు చెప్పగా ఇప్పటికి 62 ప్రశ్నావళులు నింపాను. రెండో అధ్యాయంలో సైద్ధాంతిక చట్రం తప్పనిసరి అంటున్నారు. సీనియర్లు ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు బూర్ద్యూను పెట్టుకోమంటున్నారు గానీ ఆయన రాసినదానికీ నా ప్రశ్నావళికీ పొంతన కుదరడం లేదు. సంఖ్యల పద్ధతిలో పోవాలా, గుణాత్మక పద్ధతిలో పోవాలా అన్నదీ తేల్చుకోలేకపోతున్నాను. సొంత ఊళ్ళో పరిశోధన చేస్తే పక్షపాతం అంటారన్న భయం ఒకటి. మా నాన్న ఎనిమిది సాంచాల (మరమగ్గాల) ఆసామి. ప్రశ్నావళిలో వృత్తి దగ్గర యజమాని, కార్మికుడు అని రెండే గడులున్నాయి. మొదట నాన్ననే అడిగి చూస్తే కార్మికుడని వేయమన్నాడు. వారం తిరక్కుండా అక్క పెళ్ళి మాటలకు వచ్చినవాళ్ళతో తనది సొంత కార్ఖానా అని, తాను యజమానినని చెప్పాడు. ఇలాంటి జవాబులను ఏం చేయాలి?
— ఒక పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: మీరు సిద్ధాంతం గురించి, నమూనా గురించి, పక్షపాతం గురించి వివరంగా అడిగి, నాన్నగారి సంగతిని మాత్రం ఒక చికాకుగా చివర చేర్చారు. చాలా ఏళ్ళు సమాజశాస్త్రం చెప్పి విరమించిన నాకు మీ ఉత్తరంలో పరిశోధన అనదగినది ఆ చివరి అయిదు వాక్యాల్లోనే కనిపించింది. అందుకని మీ ప్రశ్నల వరుసను తిరగేసి, అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ రెండు గడులను మీ ప్రశ్నావళిలో ఎవరు పెట్టారు? బహుశా పాత సిద్ధాంత గ్రంథం ఒకదాని అనుబంధం నుంచి తీసుకుని ఉంటారు, దాన్ని రాసినవారు అంతకు ముందరిదాని నుంచి తీసుకుని ఉంటారు. ఇందులో సిగ్గుపడవలసింది లేదు, మేమూ అలాగే చేశాం. అయితే ఒక గేటు, ఒక హాజరుపట్టీ, నెల జీతం ఉన్న మిల్లును మనసులో పెట్టుకుంటే తప్ప యజమాని, కార్మికుడు అన్న రెండు గడులతో లోకం సరిపోదు. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు నడిచిన రోజుల్లో ఆ గేటు దగ్గర నిలబడి అడిగితే ఆ ప్రశ్నకు ఎవరూ తడబడి ఉండేవారు కారు. సిరిసిల్లకు ఆ గేటు లేదు. లేని గేటును మీ ప్రశ్నావళి తనవెంట తెచ్చుకున్నది. అంటే సిద్ధాంతం ఇంకా దొరకలేదని మీరు బాధపడుతున్న సమయానికే ఒక సిద్ధాంతం, అదీ చాలా మోటైనది, మీ చేతి సంచిలో ముద్రించి సిద్ధంగా ఉన్నది. సిద్ధాంత చట్రం అంటే వివరాలన్నీ సేకరించాక పైన కప్పే దుప్పటి అని మన విద్యార్థులకు ఎట్లా అలవాటైందో నాకు తెలియదు. ఎవరిని ఎవరితో కలిపి లెక్కించాలి, ఎవరిని ఎవరి నుంచి వేరుచేయాలి అన్న నిర్ణయంలోనే అది ఉంటుంది, ఆ నిర్ణయం ప్రశ్నావళి రాసేనాటికే జరిగిపోతుంది.

సిరిసిల్ల తెలియని పాఠకుల కోసం ఆసామి ఎవరో ఒక మాట చెప్పాలి. నూలు కొనేది యజమాని. దాన్ని వార్పింగు చేయించి (పడుగుగా పేర్పించి) భీములు, అంటే పడుగు చుట్టే పెద్ద దూలాలు, నింపించి ఆసామికి ఇస్తాడు. ఆసామి తన కార్ఖానాలో, తన సాంచాల మీద, తాను పెట్టుకున్న కార్మికుల చేత బట్ట నేయించి, మీటరుకు ఇంత అని రేటు తీసుకుని యజమానికి అప్పగిస్తాడు. కరెంటు బిల్లు, మరమ్మతులు, కార్మికుల కూలి, కండెలు చుట్టే ఆడవాళ్ళ కూలి అన్నీ ఆ రేటులో నుంచే పోవాలి. మనిషి రాని పూట తానే సాంచా మీద నిలబడతాడు. మగ్గం అతనిదే, నూలు అతనిది కాదు, నేసిన బట్టా అతనిది కాదు, ఆ బట్ట బజారులో ఎంతకు పోయిందో కూడా అతనికి చాలాసార్లు తెలియదు. కూలి ఇచ్చేవాడూ అతనే, కూలి లాంటిది పుచ్చుకునేవాడూ అతనే.

ఆ మాట చరిత్ర కూడా చిత్రమైనది. అరబ్బీలో పేర్లు అని అర్థమున్న పదం ఫారసీ, ఉర్దూల మీదుగా రెవెన్యూ లెక్కల్లోకి వచ్చి, పట్టీలో పేరున్న రైతు, ఒకరి కింద భూమి చేసుకునే కౌలుదారు, అప్పుపడ్డవాడు అన్న అర్థాలను పొందింది. తెలుగులోకి వచ్చాక మోతుబరి ఆసామి, కలిగిన ఆసామి అంటూ పైకి ఎక్కింది. ఒకరి కింద ఉండేవాడు, పదిమందికి పైన ఉండేవాడు, ఇద్దరినీ ఒకే మాట మోస్తున్నది. మీ ఊళ్ళో ఈ ఏర్పాటుకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, మీ నాన్నగారు వారం రోజుల్లో రెండు జవాబులు చెప్పడానికి కావలసిన చోటు ఆ పేరులోనే ఉన్నది.

ఇప్పుడు సిద్ధాంతం సంగతి చూద్దాం. ఒక ఆలోచనాపరుణ్ణి ఎంచుకునేటప్పుడు ఆయన మాటలు మీ అంశానికి అందంగా అతుకుతాయా అని చూడకండి. ఆయన్ని నమ్మితే మీరు ఇంతకుముందు అడగని ఏ ప్రశ్నను అడగవలసి వస్తుంది, ఏ జవాబు వస్తే ఆయన తప్పని ఒప్పుకోవలసి వస్తుంది అని చూడండి. మీ ఆసామి మీదనే చూపిస్తాను.

1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్స్ ముక్కకు ఇంత అని ఇచ్చే కూలి గురించి ఒక అధ్యాయం రాశాడు. అలాంటి కూలి పద్ధతిలో పెట్టుబడిదారుకూ పనివాడికీ మధ్య ఒక మధ్యవర్తి పుట్టుకొస్తాడని, పైవాడు ఇచ్చే రేటుకూ కిందివాడి చేతికి అందనిచ్చే కూలికీ మధ్య ఉన్న తేడాయే ఆ మధ్యవర్తి లాభమని, పనివాళ్ళలోనే ఒక పెద్దతలను పట్టుకుని అతని ద్వారా మిగతావారి చేత పని చేయించుకుంటే పెట్టుబడి చేసే దోపిడీ కార్మికుడి చేతిమీదుగానే కార్మికుడిపై సాగుతుందని ఆయన వివరించాడు. ఇంగ్లండు పరిశ్రమలను చూసి రాసిన మాట ఇది. దీన్ని సిరిసిల్లకు తెచ్చి అలంకారంగా పెట్టుకోవద్దు, పరీక్షకు పెట్టండి. ఆయన చెప్పింది నిజమైతే, యజమాని రేటు తగ్గించిన నెలలో ఆసామి ఆ భారాన్ని కార్మికుడి కూలి మీదికి నెట్టాలి, తన మిగులును కాపాడుకోవాలి. మీ ఊళ్ళో అలా జరుగుతున్నదా? తెలుసుకోవాలంటే మీటరు రేటును ముక్కలు చేసి లెక్క కట్టాలి: కరెంటుకు ఎంత, మరమ్మతుకు ఎంత, సాంచాల అప్పు కిస్తీకి ఎంత, నడిపినవారికి ఎంత, చివరకు మిగిలింది ఎంత. మార్క్స్ చెప్పిన మధ్యవర్తికి యంత్రాలు లేవు, మీ ఆసామికి ఉన్నాయి, కాబట్టి ఆ తేడా మొత్తాన్నీ లాభమని రాస్తే తప్పవుతుంది. కొందరు ఆసాములకు తామే సాంచా మీద నిలబడిన పూటల్లో తప్ప ఏమీ మిగలడం లేదని తేలవచ్చు, అప్పుడు ఆ మిగులు వారి సొంత కూలే. ఎనిమిది సాంచాల ఆసామికీ ముప్పై సాంచాల ఆసామికీ ఈ లెక్క ఒకే రకంగా వస్తుందని నేననుకోను. మీ 62 ప్రశ్నావళుల్లో దీనికి సంబంధించిన ప్రశ్న ఒక్కటి కూడా ఉండదని పందెం కాయగలను. ‘నెలసరి ఆదాయం: 10,000 లోపు, 10,000 నుంచి 20,000’ అని మాత్రం ఉంటుంది.

ఇంకొకరు ఎరిక్ ఓలిన్ రైట్. అమెరికన్ సమాజశాస్త్రజ్ఞుడు. 1970ల మధ్యలో ఆయనకు ఎదురైన ఇబ్బంది మీకు ఇప్పుడు ఎదురైన ఇబ్బంది వంటిదే: సర్వే చేస్తే జనం రెండు వర్గాల్లో పట్టడం లేదు. వర్గాన్ని వదిలేద్దామని ఆయన అనలేదు, మధ్యతరగతి అన్న పెద్ద సంచిలో మిగిలినవారందరినీ వేయనూ లేదు. ఒకే మనిషి ఒకేసారి రెండు వర్గాల సంబంధాల్లో ఇరుక్కుని ఉండవచ్చునని, అలాంటి చోట్లను వైరుధ్య వర్గస్థానాలుగా గుర్తించాలని 1976లో ప్రతిపాదించాడు. మేనేజర్లు ఒక చోట, కొద్దిమందిని పెట్టుకుని నడిపే చిన్న యజమానులు ఇంకొక చోట, తమ పనిపై కొంత స్వేచ్ఛ ఉన్న ఉద్యోగులు మరొక చోట. 1985 నాటికి ఆ పటం తనకే నచ్చలేదు. పెత్తనం గురించి ఎక్కువ చెప్పి దోపిడీ గురించి తక్కువ చెప్పిందని భావించి, మళ్ళీ మొదటి నుంచి గీశాడు. విద్యార్థులు ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఆ గుణమని నా అభిప్రాయం, పటాలు ఆ తర్వాత.

రైట్ పాత పటంలో మీ ఆసామిని చిన్న యజమాని దగ్గర పెట్టాలని ముందుగా తోస్తుంది. కానీ చిన్న యజమానికి తన సరుకు తాను అమ్ముకునే వీలుంటుంది. ఆసామికి లేదు. ముడిసరుకూ అమ్మకమూ మరొకరి చేతిలో, యంత్రమూ మనుషులూ తన చేతిలో ఉండే స్థానం ఆ పటంలో సరిగ్గా ఎక్కడా కనబడదు. పొంతన కుదరలేదని మీరు భయపడేది ఇలాంటి చోటనే. ఇక్కడే మీకు చెప్పడానికి ఏదైనా ఉంటుంది. పటంలో లేని ఊరు మీ ఊరైనప్పుడు, ఊరిని కుదించి పటంలో ఇరికించడం మీ పని కాదు, పటాన్ని ఎక్కడ సాగదీయాలో చెప్పడం మీ పని. అలా చెప్పడానికి మీకు కావలసినవి రెండు మూడు గట్టి ప్రశ్నలు. కూలి పెంపు కోసం సమ్మె జరిగినప్పుడు ఏ ఆసామి ఎటు నిలబడ్డాడు? కార్మికుడికి అడ్వాన్సు ఎవరిస్తారు, ఆసామికి అడ్వాన్సు ఎవరిస్తారు, ఆ బాకీలు తీరకముందే ఇంకొక చోటికి మారవచ్చునా? నిన్నటి కార్మికుల్లో ఎంతమంది ఆసాములయ్యారు, వారిలో ఎందరు మళ్ళీ వెనక్కి వచ్చారు? తెలంగాణ ప్రభుత్వం ఇదే సిరిసిల్లలో కార్మికుణ్ణి యజమానిని చేస్తామంటూ ‘వర్కర్ టు ఓనర్’ పథకం ప్రకటించిందన్నది మీకు గుర్తుండే ఉంటుంది. మీ ప్రశ్నావళిలోని రెండు గడులే ఆ పథకం పేరులోనూ ఉన్నాయి. నడుమ ఉన్న మనిషి దానిలోనూ కనిపించడు. ఇది మీ ప్రశ్నావళి ఒక్కదాని లోపం కాదన్నమాట.

బూర్ద్యూ గురించి మీ సీనియర్లు చెప్పినదానికి నాకు కోపం లేదు, కొంత విసుగున్నది. ఈమధ్య నేను చూస్తున్న సిద్ధాంత గ్రంథాల్లో ప్రతి కులమూ, ప్రతి వృత్తీ, ప్రతి బడీ రెండో అధ్యాయంలో ‘హాబిటస్’ (పెరిగిన వాతావరణం మనిషిలో నాటే అలవాట్లు, అభిరుచులు) అన్న మాటను తాకి, మూడో అధ్యాయం నుంచి దాన్ని మరచిపోతున్నాయి. ఆయన మీకు బొత్తిగా పనికిరాడని కాదు. పెళ్ళి మాటల దగ్గర మీ నాన్నగారు యజమాని అన్న మాటను ఎందుకు ఎత్తుకున్నారో, ఆ మాటకు ఆ గదిలో ఏ విలువ ఉన్నదో చెప్పడానికి గౌరవం కూడా ఒక పెట్టుబడేనన్న ఆయన ఆలోచన అక్కరకు రావచ్చు. అయితే దాని కోసం మీరు పెళ్ళి సంబంధాలను పరిశీలించాలి. మీ అంశం అది కానప్పుడు ఒక పేరా చాలు. ఇంకొకటి, బూర్ద్యూ అనగానే గుణాత్మక పద్ధతి అనుకోకండి. అభిరుచుల మీద 1979లో వచ్చిన ఆయన ప్రసిద్ధ గ్రంథానికి ఆధారం 1,217 మందికి ఇచ్చిన ప్రశ్నావళి. ఫలానా సిద్ధాంతానికి ఫలానా పద్ధతి అన్న జోడీలు మన సిలబసు పుస్తకాల్లోనే ఉంటాయి.

ఇక 384. ఈ సంఖ్య ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి చేతితో లెక్కవేసి చూడండి. 95 శాతం విశ్వసనీయతకు వాడే 1.96ను వర్గం చేస్తే 3.8416. జనంలో సగం మంది ఒక రకం, సగం మంది ఇంకొక రకం అనుకుంటే 0.5ను 0.5తో గుణించి 0.25. రెండింటినీ గుణిస్తే 0.9604. అటూ ఇటూ 5 శాతం పొరపాటును సహిస్తామంటే 0.05ను వర్గం చేసిన 0.0025తో భాగించాలి. వచ్చేది 384.16. 1970లో క్రెజ్‌సీ, మోర్గాన్ అనే ఇద్దరు దీన్ని పట్టికగా అచ్చువేశారు. జనాభా వెయ్యి అయితే 278, పదివేలయితే 370, పది లక్షలయితే 384. అప్పటి నుంచి ఆ పట్టిక మన విశ్వవిద్యాలయాల్లో పంచాంగంలా చలామణి అవుతున్నది.

ఆ లెక్క అబద్ధం కాదు. కానీ అది ఒక షరతు మీద నిలబడి ఉన్నది: మీరు ఎవరి గురించి చెప్పదలచుకున్నారో వారందరి పేర్లున్న జాబితా మీ దగ్గర ఉండాలి, అందులో నుంచి చీటీలు తీసినట్టుగా, ప్రతి పేరుకూ సమానమైన అవకాశం ఉండేలా మనుషులను ఎంచాలి. సిరిసిల్లలో అలాంటి జాబితా మీకు ఎవరిచ్చారు? మీరు చేసింది నేను ఊహించగలను. బి.వై. నగర్‌లోనో సుందరయ్య నగర్‌లోనో తెలిసిన కార్ఖానాకు వెళ్ళి, భోజనం వేళ బయటికి వచ్చినవారిని వరుసగా అడిగి ఉంటారు. అలా 384 మందిని కాదు, 3,840 మందిని అడిగినా ఆ 5 శాతం హామీ మీకు వర్తించదు. పైగా ఒకే కార్ఖానాలో పది మందిని అడిగితే అది పది వేర్వేరు జవాబులు అడిగినట్టు కాదు. ఒకే ఆసామి, ఒకే రేటు, ఒకే రకం బట్ట కాబట్టి ఆ పదిమందీ ఒకరినొకరు పోలి ఉంటారు, మీకు దక్కిన సమాచారం ఇద్దరు ముగ్గురికి సరిపడేది కావచ్చు. ఇంత జరిగాక కై-వర్గ పరీక్ష (రెండు అంశాల మధ్య కనిపించే సంబంధం కాకతాళీయమా కాదా అని చూసే లెక్క) చేసి 0.05 స్థాయిలో ప్రాముఖ్యం ఉన్నదని రాయడం, తూకం రాళ్ళు లేకుండా త్రాసు పట్టుకుని బరువు చెప్పడమే అవుతుంది.

మీ గైడుతో దీని గురించి వాదానికి దిగమని నేను చెప్పడం లేదు. వాదం వల్ల సంతకాలు ఆలస్యమవుతాయి, ఫెలోషిప్పు మాత్రం ఆగదు, అయిపోతుంది. రెండు దారులు చెప్తాను, ఏదైనా నిజాయితీ గలదే. మొదటిది, సర్వే నిజంగా కావాలనుకుంటే వాడవాడా తిరిగి కార్ఖానాల జాబితాను మీరే తయారు చేసుకోండి. సాంచాల సంఖ్యను బట్టి వాటిని చిన్న, నడిమి, పెద్ద అని విడదీసి, ఒక్కొక్క దానిలో నుంచి చీటీ తీసి కార్ఖానాలను ఎంచి, ఎంచిన కార్ఖానాకు ఇద్దరినో ముగ్గురినో అడగండి. ఊరు మీది కాబట్టి ఒక నెలలో అయ్యే పనే. రెండో దారి, సర్వే మాట వదిలేసి, మీ ప్రశ్న ఆసామి స్థానమే అనుకుంటే, ఇరవై అయిదు ముప్పై మందిని ఏరి ఒక్కొక్కరి దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్ళడం. సొంతంగా సాంచా నడిపే ఆసామి, నడపని ఆసామి, ఒకప్పుడు ఆసామిగా ఉండి మళ్ళీ కార్మికుడైనవాడు, భీవండికో సూరత్‌కో పోయి వచ్చినవాడు, వార్పింగు పనివారు, కండెలు చుట్టే ఆడవారు, యజమానులు ఇద్దరు ముగ్గురు. నన్నడిగితే రెండోదే అంటాను. దీనికి ‘పర్పసివ్ నమూనా’ అన్న గౌరవనీయమైన పేరుంది, కాబట్టి గైడుకు చెప్పడానికీ కష్టం ఉండదు. ఎంతమంది అన్నది ఎందుకు వారే అన్నదానికి జవాబు చెప్పగలిగినంతవరకూ పెద్ద విషయం కాదు.

ఏ దారి పట్టినా, ఎప్పుడు అడిగారన్నది రాసుకోవడం మరవకండి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనప్పటి నుంచి మీ ఊళ్ళో పని ఉన్న నెలలు, లేని నెలలు అన్న తేడా పదునెక్కింది. ఆర్డరు ఉన్నప్పుడు అడిగిన ఆదాయాన్నీ, సాంచాలు బంద్ ఉన్నప్పుడు అడిగిన ఆదాయాన్నీ ఒకే పట్టికలో కలిపి సగటు తీస్తే, ఆ సగటు ఏ నెలకూ చెందదు.

నాన్నగారి రెండు జవాబుల దగ్గరికి మళ్ళీ వస్తాను. వాటిలో ఏది నిజం అని మీరు లోలోపల అడుగుతున్నారు. అలాంటి ప్రశ్నతోనే నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. 1976లో పరకాల దాటిన తర్వాత ఉన్న ఒక పల్లెలో భూమికీ కులానికీ సంబంధం మీద క్షేత్ర పరిశోధన చేయబోయాను. భూగరిష్ఠ పరిమితి (సీలింగు) చట్టం అమలులోకి వచ్చి ఏడాదే అయింది. సంచి, కాగితాలు, కళ్ళద్దాలు చూసి ఊరంతా నన్ను సీలింగు సారే అనుకున్నది. నలభై ఎకరాలున్నదని అందరికీ తెలిసిన మనిషి తనకు పదకొండు ఎకరాలే అన్నాడు. మిగిలినదాన్ని తమ్ముళ్ళ పేరున, అల్లుడి పేరున, చివరకు తన ఇంట్లో జీతమున్న మనిషి పేరున చెప్పించాడు. ఆ జవాబులన్నిటి పక్కనా నేను ‘నమ్మదగినది కాదు’ అని ఎర్ర సిరాతో రాసి, పటేలు పట్వారీల దగ్గర కూర్చుని సరైన అంకెలు సంపాదించి, వాటితోనే గ్రంథం పూర్తి చేశాను. చాలా ఏళ్ళ తర్వాత పాత కట్టలు విప్పితే తెలిసింది, నేను ఎర్ర సిరాతో కొట్టేసినవే ఆ ఊరి కథ అని. ఎవరు ఎవరి పేరున భూమి దాచగలరు, ఎవరిని అంతగా నమ్మగలరు, ఎవరు కాదనలేరు అన్నది ఆ అబద్ధాల్లో అచ్చుగుద్దినట్టు ఉన్నది. జీతమున్న మనిషి తన పేరున భూమి ఉందని ఒప్పుకున్నాడంటే ఆ ఒప్పుకోలు వెనుక ఏమున్నదో నేను అడగనే లేదు. ఆ మనిషి ఇప్పుడు లేడు.

కాబట్టి జవాబును నిజమా అబద్ధమా అని తూచడానికి ముందు, ఎవరికి, ఏ గదిలో, దేనికోసం చెప్పిన జవాబో చూడండి. మీ ప్రశ్నావళిలో నాన్నగారికి ఒక సర్కారు ఫారం వాసన వచ్చి ఉంటుంది. కార్మికుడని రాస్తే ఏదైనా రావచ్చు, యజమాని అని రాస్తే ఏదైనా పోవచ్చు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు భీవండి, సూరత్, ముంబయి నుంచి మన జిల్లాల జనం బస్సులు, రైళ్ళు పట్టుకుని ఇంటికి వచ్చి లెక్కలో కూర్చున్న సంగతి మీరు చిన్నతనంలో చూసే ఉంటారు. లెక్కపెట్టడం అన్న పనే ఆ రోజు ఊళ్ళ జనాన్ని మార్చివేసింది. జనం అలా చేయడం మోసం కాదు. లెక్క ఎందుకోసమో వారికి మనకన్నా బాగా తెలుసు. ఒక ఆసామి ఎక్కడ కార్మికుడవుతాడు, ఎక్కడ యజమాని అవుతాడు, ఆసామిని అని తానుగా ఎక్కడ చెప్పుకుంటాడు అన్న మూడింటినీ మీరు ఓపికగా నమోదు చేస్తే, రైట్ ‘స్థానం’ అన్నదానికి లేని ఒక కోణం మీకు దొరుకుతుంది. ఆయన స్థానాలు నిలకడగా ఉంటాయి. మీ ఆసామి స్థానం ఎదురుగా ఉన్న మనిషిని బట్టి కదులుతున్నది. అది నిజంగా కదలడమా, లేక కూలి రేటు ఆ స్థానాన్ని ఎప్పుడూ ఒకే చోట పట్టి ఉంచుతుండగా మాట మాత్రమే కదలడమా అన్నది మీరు తేల్చవలసిన విషయం. నా ఊహ రెండోది. ఊహ కాబట్టి దాన్ని నమ్మకండి.

సొంత ఊరి భయం గురించి పెద్దగా చెప్పనవసరం లేదు. ఎవరూ శూన్యం నుంచి ఊళ్ళోకి దిగరు. జోడేఘాట్‌లో 1940లో కొమరం భీం హతుడైన తర్వాత నిజాం ప్రభుత్వం కోరగా మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్ళి మార్లవాయిలో ఉన్నాడు. ఎక్కడో యూరప్ నుంచి వచ్చిన ఆయనా సర్కారు వైపు నుంచి వచ్చిన మనిషిగానే మొదట అడుగుపెట్టాడు. సమాజశాస్త్రజ్ఞుడు ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతపు పల్లెలో పనిచేసినప్పుడు, ఊరి పెద్దల ఆశ్రయంలో ఉన్న బ్రాహ్మణుడిగా తనకు ఏ ఇళ్ళు తెరుచుకున్నాయో, ఏవి తెరుచుకోలేదో తర్వాత తానే రాశాడు. మీరు చేయవలసిందీ అదే. పద్ధతుల అధ్యాయంలో ఒక పేజీ నేను ఎనిమిది సాంచాల ఆసామి బిడ్డను అని మొదలుపెట్టి, దానివల్ల మీకు ఎవరు ఏం చెప్పలేదో రాయండి. కార్మికులు మీకు కూలి గురించి ఫిర్యాదు చేయరు, చేస్తే అది నాన్నగారి చెవిన పడుతుందని జంకుతారు. అందుకని మీ కార్ఖానాలోనూ, చుట్టాల కార్ఖానాల్లోనూ పనిచేసేవారిని వదిలేయండి. వారి మాటల మీద వారి కూలి ఆధారపడి ఉంది. సిద్ధాంత గ్రంథంలో పేర్లు మార్చినంత మాత్రాన సరిపోదు, ఫలానా వాడలో పన్నెండు సాంచాలు, గల్ఫులో కొడుకు అని రాస్తే మీ ఊళ్ళో ఆ మనిషి ఎవరో పొద్దుగూకే లోపల తెలిసిపోతుంది. ఇంకొక వైపు, కండెలు చుట్టే ఆడవారి దగ్గర మీరు నేలమీద కూర్చుని మాట్లాడగలరు, మీకు ముందు ఈ అంశం మీద పనిచేసిన మగ పరిశోధకులకు ఆ గుమ్మం దాటడం అంత సులువు కాలేదు. ఆసామి ఇంటి ఆడవారు కండెలు చుడితే దానికి కూలి కడతారా, కట్టరా అన్న ఒక్క ప్రశ్న మీ లెక్కలన్నిటినీ తారుమారు చేయవచ్చు. మీ అమ్మగారినే ముందు అడగండి. ఆమె గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు.

నింపిన 62 ప్రశ్నావళులను పారేయకండి. ఒక్కొక్క దాని వెనుక ఆ రోజు ఎక్కడ కూర్చున్నారో, పక్కన ఎవరున్నారో, వృత్తి అడిగినప్పుడు జవాబుకు ముందు ఏమన్నారో గుర్తున్నంత వరకు ఈ వారంలోనే రాసిపెట్టండి. నెల గడిస్తే గుర్తుండదు. రెండు గడుల మధ్య ఉన్న గీత మీద టిక్కు పెట్టినవారు, ‘మీరే ఏదో ఒకటి రాసుకోండమ్మా’ అన్నవారు ఎందరో లెక్కపెట్టండి. ఆ ఒక్క అంకె మీ గైడుకు చూపించదగినది. అంశం పేరును ‘కార్మికుల సామాజిక, ఆర్థిక స్థితిగతులు’ నుంచి ‘సిరిసిల్ల మరమగ్గాల పరిశ్రమలో ఆసామి స్థానం’ అని మార్చుకోవడానికి ఇంకా సమయం ఉంటే దరఖాస్తు పెట్టుకోండి. సమయం మించిపోతే పాత పేరు కిందనే ఈ పని చేయవచ్చు.

ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆసామి అన్న మాటను మాత్రం ఆసామిగానే ఉంచండి. స్మాల్ ఎంప్లాయర్ అని రాస్తే అతను కూలి పుచ్చుకునే సంగతి, జాబ్ వర్కర్ అని రాస్తే కూలి ఇచ్చే సంగతి ఆ పేజీలోనే పోతాయి. పరీక్షకులు అర్థం అడిగితే, మొదటి అధ్యాయంలో రెండు పేజీలు దానికోసమే కేటాయించి మీటరు రేటు లెక్కతో సహా వివరించండి.